మారిషస్‌లో ఉగాది దాకా

బుధవారం, పోర్ట్ లూయీ

విమానాశ్రయంలో డబ్బు మార్చుకుని, రాజధానికి వెళ్ళే బస్సెక్కి కూర్చున్నాక నోట్లు ఒక్కొక్కటే విప్పి చూశాను. మారిషస్ రాజ్యాంగం చదవడానికి తీరిక లేనివాళ్ళు ఈ నోట్లు చూస్తే చాలు. 25 రూపాయల నోటు మీద చైనా సంతతికి చెందిన మోయ్‌లిన్ జాన్ ఆ చుయెన్. 50 మీద ఫ్రెంచి మూలాలున్న మోరిస్ పతురో. 100 మీద తమిళుడు రెంగనాదన్ సీనివాసెన్. 200 మీద ముస్లిం నాయకుడు అబ్దుల్ రజాక్ మొహమ్మద్. 500 మీద హిందూ నాయకుడు సుఖ్‌దేవ్ బిసున్‌దయాళ్. 1,000 మీద క్రియోళ్ళ, అంటే ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి తెచ్చిన బానిసల సంతతివారి, నాయకుడు గయెతాన్ ద్యువాల్. 2,000 మీద దేశపు తొలి ప్రధాని శివసాగర్ రాంగులాం. ఎవరి వాటా వాళ్ళకు లెక్క తప్పకుండా పంచిపెట్టారు. మన తెలుగువాళ్ళు మాత్రం ఏ నోటు మీదా లేరు.

నోటు మీది అక్షరాలకూ ఒక వరస ఉంది. ముందు ఇంగ్లీషు, తరవాత తమిళం, ఆ తరవాత హిందీ. 1998లో కొత్త నోట్లు అచ్చువేసినప్పుడు హిందీ పైకి, తమిళం కిందికి మారాయి. మా వాళ్ళు మీకంటే ముందే, ఫ్రెంచివాళ్ళ కాలంలోనే, ఈ దీవిలో అడుగుపెట్టారని తమిళులు వీధుల్లోకి వచ్చారు. ప్రభుత్వం ఆ నోట్లను వెనక్కు తీసుకుని పాత వరసలోనే మళ్ళీ అచ్చు వేయించింది. రెండు భాషల్లో దేన్నీ ఇంట్లో మాట్లాడేవాళ్ళు అప్పటికే కొద్దిమంది. అయినా వరస దగ్గర ఎవరూ వెనక్కు తగ్గలేదు.

దారిలో ఒక బడి ముందు బస్సు ఆగింది. రేపు జాతీయ దినోత్సవం కాబట్టి పిల్లలందరి చేతుల్లో ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ చారల జెండాలు, కాగితం సంచుల్లో కేకు ముక్కలు. డ్రైవరు కిటికీలోంచి ఒక పిల్లవాడిని ఏదో అన్నాడు. వాడు నాలుక బయటపెట్టి నవ్వాడు. అంతా క్రియోల్‌లోనే, అంటే ఫ్రెంచిలోంచి పుట్టిన ఇక్కడి వాడుకభాషలోనే.

గురువారం, మార్చి 12

షాఁ ద మార్స్ మైదానంలో గుర్రపు పందేలు మొదలై రెండు వందల ఏళ్ళు దాటింది. 1968లో ఇదే రోజున బ్రిటిష్ జెండా దించి నాలుగు చారల జెండా ఎగరేసింది కూడా ఇక్కడే. ఈ ఊళ్ళో ఆ రోజు అందరూ సంబరపడ్డారని అనుకుంటే పొరపాటు. 1967 ఎన్నికల్లో దాదాపు 44 శాతం ఓట్లు స్వాతంత్ర్యం వద్దన్న పక్షానికి పడ్డాయి. బ్రిటన్ వెళ్ళిపోతే హిందువుల రాజ్యం వస్తుందని క్రియోళ్ళూ ఫ్రెంచి సంతతివారూ భయపడ్డారు. జెండా ఎగరడానికి కొన్ని వారాల ముందే ఈ ఊరి వీధుల్లో క్రియోళ్ళూ ముస్లింలూ కొట్టుకున్నారు. ఆపడానికి బ్రిటిష్ సైనికులను రప్పించాల్సి వచ్చింది. చాలా కుటుంబాలు ఆస్ట్రేలియాకు ఓడలెక్కాయి.

జాతీయ గీతం ఇంగ్లీషులో ఉంటుంది. ఒకే ప్రజగా, ఒకే జాతిగా అని అందులో ఒక మాట. నేను బస చేసిన ఇంటావిడ టీవీలో అది వస్తుంటే కూడా పాడింది. వెనువెంటనే వ్యాఖ్యాత ఫ్రెంచిలోకి మారాడు. ఆవిడ మాత్రం కూతురిని వంటగదిలోకి క్రియోల్‌లో కేకేసింది. ఈ మూడు భాషల మధ్య గోడ ఎక్కడుందో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చట్టసభకు అధికార భాష ఇంగ్లీషు, కావాలంటే సభ్యులు ఫ్రెంచిలోనూ మాట్లాడవచ్చు అని రాజ్యాంగం చెబుతుంది. పత్రికలు ఫ్రెంచిలో వస్తాయి. తిట్టుకోవడం, ప్రేమించుకోవడం, బేరమాడటం అన్నీ క్రియోల్‌లో. 1983లో ఇదే తేదీన జాతీయ గీతాన్ని టీవీలో క్రియోల్‌లో వినిపిస్తే పెద్ద రభస జరిగింది. కొద్ది రోజులకే ప్రభుత్వం చీలిపోయింది. దానికి వేరే కారణాలూ ఉన్నాయిలెండి, కానీ అందరూ గుర్తుపెట్టుకున్నది పాటనే.

శుక్రవారం

ఆప్రవాసీ ఘాట్. పాత పేరు కూలీ ఘాట్. 1835లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు మనుషులు కావాలి. రద్దు రాబోతోందని తెలిసి 1834 నుంచే ఒప్పందపు కూలీలను భారతదేశం నుంచి ఓడల్లో దించడం మొదలుపెట్టారు. దాదాపు నాలుగున్నర లక్షల మంది వచ్చారు. 2006లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. రాతి మెట్లు, కొన్ని గదుల గోడలు, స్నానపు తొట్లు. చూడటానికి గంట చాలు. రెండు వైపులా వాహనాల రొద.

సాయంత్రం అంగట్లో దోల్ పురి తిన్నాను. శనగపప్పు కూరిన పలచని రొట్టె, లోపల చిక్కుడుగింజల కూర, పచ్చిమిర్చి పచ్చడి. బోజ్‌పురీ కూలీల పండగ వంటకం ఇప్పుడు దేశమంతటికీ చిరుతిండి. నా ముందు వరసలో చైనా ముఖం ఉన్న ఒక గుమాస్తా, ఉపవాసం విడవడానికి కట్టించుకుంటున్న ఒక ముస్లిం కుర్రాడు, స్కూలు దుస్తుల్లో ఇద్దరు క్రియోల్ పిల్లలు. కారం ఎంత వేయాలన్న దాని మీద నలుగురూ అమ్మేవాడితో ఒకే భాషలో పేచీ పెట్టుకున్నారు.

శనివారం, ఫ్లాక్ జిల్లా

తూర్పున చెరకు తోటల మధ్య ఒక ఊరికి వెళ్ళాను. అక్కడి తెలుగు మాస్టారు విశాఖపట్నంలో చదువుకుని వచ్చినవారు. ఆయన తెలుగు వింటే ముచ్చటేసింది. “మీ ప్రయాణం సుఖముగా జరిగినదా?” అని అడిగారు. ఆ వాక్యం ఆయన పాఠ్యపుస్తకంలోంచి వచ్చింది. మా ఊళ్ళో ఎవరూ అలా అడగరు. ఆయనకు మాత్రం అదే అసలు తెలుగు. ఆయన పెద్దకూతురు ఆరో తరగతి. బడిలో తెలుగు చదువుతుంది. నన్ను చూసి “నమస్కారం, నా పేరు...” అని ఒక్క ఊపిరిలో చెప్పి తల్లి వెనక్కు పోయింది.

మాస్టారి అమ్మగారిని నేను మామ్మగారూ అని పిలిచాను. ఆవిడకు ఆ పిలుపు బాగా నచ్చింది, కొడుకును పిలిచి అర్థం అడిగింది. చిన్నప్పుడు ఆవిడ ఇంట్లో మాట్లాడిన భాష బోజ్‌పురీ. ఆశ్చర్యపోకండి. చెరకు తోటల్లో ఉత్తరాది కూలీలు ఎక్కువ, గుడిసెలు పక్కపక్కనే. తెలుగువాళ్ళు, మరాఠీవాళ్ళు, కొందరు ముస్లింలు కూడా పొలం గట్ల మీద బోజ్‌పురీలోనే మాట్లాడుకున్నారు. పెళ్ళయ్యాక ఆవిడ క్రియోల్‌లోకి మారింది. తెలుగు ఆవిడకు పాటల్లోనే వచ్చు. పాటలైతే గంటల తరబడి పాడుతుంది.

రాత్రి ఎనిమిదింటికి గుడి ఆవరణలో రామభజనం మొదలైంది. మధ్యలో దీపస్తంభం, దాని మీద అంచెలంచెలుగా వెలిగించిన దీపాలు. చుట్టూ మగవాళ్ళు తాళాలు కొడుతూ, అడుగులు వేస్తూ తిరుగుతున్నారు. అడుగు నెమ్మదిగా మొదలై, చరణం పెరిగేకొద్దీ వేగం అందుకుంది. ఒక్క పెద్దాయన మాత్రం ఎవరి వేగాన్నీ పట్టించుకోకుండా తన అడుగే వేసుకుంటూ తిరిగాడు. నా పక్కన కూర్చున్న బ్యాంకు గుమాస్తా కుర్రాడి ఒళ్ళో ఒక నోటు పుస్తకం. మూలలు నూనె మరకలతో పారదర్శకంగా మారాయి. అందులో పాటలన్నీ రోమన్ లిపిలో, అదీ ఫ్రెంచి పద్ధతిలో రాసి ఉన్నాయి. ‘ఉ’ వచ్చిన ప్రతిచోటా రెండు అక్షరాలు, ‘చ’ కోసం మూడు. ఒక పాటకు పైన ఎవరో వేరే సిరాతో “తాతయ్య వరస” అని క్రియోల్‌లో రాసుకున్నారు. గోవిందా అన్న చోట కుర్రాడు గొంతెత్తాడు. ఆ చరణానికి అర్థం తెలుసా అని తరవాత అడిగాను. తెలియదన్నాడు, ఏ మాత్రం మొహమాటం లేకుండా. “అర్థం మాస్టారికి తెలుసు. నాకు ఎక్కడ ఊపిరి పీల్చాలో తెలుసు.”

ఈ కుర్రాడి గురించి మన దగ్గర ఏమంటారో నాకు తెలుసు. పాపం, భాష పోగొట్టుకున్నారు అంటారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఈ దీవిలోనే జరిగాయి. అప్పటి నుంచీ ఇక్కడికి వచ్చి వెళ్ళే మన పెద్దలు చాలామంది ఇదే సానుభూతి వెంట తెస్తున్నారు. కోరంగి రేవు నుంచి ఓడెక్కిన మనిషి తెలుగు మర్చిపోవడం విడ్డూరం కాదు. అయిదారు తరాల తరవాత ఒక బ్యాంకు గుమాస్తా శనివారం రాత్రి నిద్ర మానుకుని అప్పన్న పాటలకు తాళం వేయడం విడ్డూరం. హైదరాబాదులో ఎంతమంది ఇరవై ఏళ్ళ వాళ్ళు ఆ పని చేస్తారో ఒకసారి లెక్కపెట్టి, ఆ తరవాత జాలిపడదాం.

ఆదివారం

గ్రాఁ బాసెఁ వెళ్ళాను. గంగా తలావ్. 108 అడుగుల శివుడు, కొండల మధ్య చెరువు, కోతులు, పర్యాటకుల బస్సులు. 1972లో గంగాజలం తెచ్చి ఇందులో కలిపారు. మంచు ఎంత కమ్మేసిందంటే శివుడు నడుము దాకానే కనబడ్డాడు. నాకు మరీ పెద్ద విగ్రహాలంటే మొదటి నుంచీ పడదు. త్వరగా తిరిగొచ్చాను.

సోమవారం, మోకా

మహాత్మా గాంధీ సంస్థలో కూలీల రిజిస్టర్లు భద్రపరిచారు. వంశం వివరాలు కావాలన్నవాళ్ళు అర్జీ పెట్టుకుంటే వెతికి నకలు ఇస్తారు. మాస్టారు తన ముత్తాత తండ్రి వివరాల కోసం వచ్చారు, నేను వెంట వెళ్ళాను. సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, ఒంటి మీద పుట్టుమచ్చలు, జిల్లా, ఊరు, ఓడ. 1860ల తరవాత వచ్చినవాళ్ళకు కొందరికి ఫొటోలు కూడా ఉన్నాయి. మన వైపు ఊళ్ళ పేర్లను గుమాస్తాలు చెవికి వినబడినట్టు రాసేశారు. విశాఖపట్నం, గంజాం జిల్లాలు గుర్తుపట్టవచ్చు, ఊరి పేరు దగ్గరకు వచ్చేసరికి తల గోక్కోవాల్సిందే. తండ్రి పేరే ఆ తరవాత కుటుంబమంతటికీ ఇంటిపేరైపోయింది.

కాగితం చేతికొచ్చాక మాస్టారు ఎత్తు దగ్గర ఆగిపోయారు. “నాకంటే పొట్టి” అన్నారు. ఊరి పేరు ఇద్దరం కలిసి బిగ్గరగా నాలుగైదు రకాలుగా పలికి చూశాం. శ్రీకాకుళం వైపు ఊరు కావచ్చు అన్నాను. ఆయన తల ఊపి మడిచి జేబులో పెట్టుకున్నారు. వచ్చి చూస్తారా అని అడిగాను. “చూడవచ్చును. కానీ ఇల్లు ఇక్కడ ఉన్నది” అన్నారు.

తిరుగు ప్రయాణంలో మెట్రోలో కూర్చుని ఆయన తన లెక్కలు చెప్పారు. ఎన్నికల్లో నిలబడితే ఆయన హిందువు. రాజ్యాంగంలో ఉన్నవి నాలుగే గడులు: హిందూ, ముస్లిం, చైనా సంతతి, జనరల్ పాప్యులేషన్. జనాభా లెక్కల్లో మాత్రం మతం అన్న చోట ‘తెలుగు’ అని రాస్తారు. తమిళులు ‘తమిళం’ అనీ, మరాఠీవాళ్ళు ‘మరాఠీ’ అనీ రాస్తారు. ప్రభుత్వం అచ్చువేసే మతాల పట్టికల్లో ఇవి హిందూ పక్కన వేరే వరసలుగా కనబడతాయి. భాష పేరు మతం పేరైంది. ఇంట్లో మాట్లాడే భాష అన్న చోట ఏం రాస్తారని అడిగాను. “క్రియోల్. అబద్ధము ఎందుకు?” 2011 లెక్కల్లో దాదాపు 84 శాతం మంది రాసింది అదే.

మంగళవారం, ల మోర్న్

నైరుతి మూలన సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ. తోటల నుంచి పారిపోయిన బానిసలు దీని మీద దాక్కున్నారు. బానిసత్వం రద్దయిందని చెప్పడానికి సిపాయిలు వస్తుంటే, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని పైనుంచి దూకేశారని కథ. 2008లో దీనికీ యునెస్కో గుర్తింపు దక్కింది. ఒకే చిన్న దీవిలో రెండు వారసత్వ స్థలాలు, ఒకటి కూలీలది, ఇంకొకటి బానిసలది. ఫిబ్రవరి 1న బానిసత్వ రద్దు సెలవు, నవంబర్ 2న కూలీల రాక సెలవు. ఇక్కడా వాటా తప్పలేదు.

టాక్సీ డ్రైవరు క్రియోల్ మనిషి, యాభై దాటాయి. రాజ్యాంగం ప్రకారం జనరల్ పాప్యులేషన్. దాని నిర్వచనం తమాషాగా ఉంటుంది: జీవన విధానాన్ని బట్టి మిగతా మూడు వర్గాల్లో దేనికీ చెందనివాళ్ళంతా ఇందులోకి వస్తారు. చక్కెర మిల్లుల ఫ్రెంచి యజమానులూ, వాళ్ళ ముత్తాతలు కొన్న మనుషుల మునిమనవలూ ఒకే గడిలో ఉన్నారు. “మేం మిగిలిన సరుకు” అన్నాడాయన, ఇంగ్లీషులో, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఈ గడుల మీద పోరాటం చాలాకాలంగా నడుస్తోంది. చట్టసభకు 62 మంది ఎన్నికవుతారు. ఓడినవాళ్ళలో బాగా ఓట్లు వచ్చిన 8 మంది దాకా, తక్కువ ప్రాతినిధ్యం ఉన్న వర్గాల నుంచి, అదనంగా లోపలికి వస్తారు. చిన్న వర్గాలకు భరోసాగా స్వాతంత్ర్యానికి ముందు పెట్టుకున్న ఏర్పాటు అది, అప్పటి భయాలు తెలిస్తే తప్పుపట్టలేం. చిక్కేమిటంటే, 1982 తరవాత జనాభా లెక్కల్లో వర్గం అడగడం మానేశారు. దాంతో ఇప్పటికీ 1972 నాటి అంకెలతోనే లెక్క వేస్తున్నారు. నేను మారిషస్ మనిషిని, వేరే గడి నింపను అన్న అభ్యర్థుల నామినేషన్లు తిరస్కరించారు. వాళ్ళు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ దాకా వెళితే 2012లో వాళ్ళకు అనుకూలంగా చెప్పింది. 2014 ఎన్నికల కోసం తాత్కాలికంగా చట్టం సడలించారు. అసలు మార్పు ఇంకా మాటల్లోనే ఉంది.

డ్రైవరుకు ఈ గొడవ మీద ఆసక్తి లేదు. ఆయన బాధ వేరు. బడిలో హిందీ, ఉర్దూ, తమిళం, తెలుగు, మరాఠీ, చైనీస్, అరబిక్ అన్నీ చెప్పేవారు. ఆ తరగతి మొదలవగానే ఈయన లాంటి పిల్లలు బయటికి వెళ్ళి చెట్టు కింద కూర్చునేవారట. “నా పూర్వీకుల భాష ఏది? మొజాంబిక్‌దా, మడగాస్కర్‌దా? ఎవరికి తెలుసు? నా భాష నేను మాట్లాడుతున్నదే. దానికి పుస్తకం లేదన్నారు.” 1999లో కాయా అనే క్రియోల్ గాయకుడు పోలీసు లాకప్‌లో చనిపోయినప్పుడు దీవంతా అట్టుడికింది. ఆ రోజుల గురించి అడిగితే ఆయన రేడియో గొంతు పెంచాడు. నేనూ ఊరుకున్నాను.

క్రియోల్ బడిలోకి వచ్చింది 2012లో. అంతకు ముందు ఏడాదే దానికి రాత పద్ధతి ఖరారు చేశారు. దేశం పుట్టిన 44 ఏళ్ళకు దేశమంతా మాట్లాడే భాషకు బడిలో ఒక పీరియడు దొరికింది. ఏడు భాషలకు పీఠం వేయడం మంచిదే, ఆ ఉదారత మన దగ్గర చాలా రాష్ట్రాల్లో లేదు. అయితే ఎవరికీ సొంతం కాని భాష కాబట్టి అందరికీ చెందిన భాష, అది మాత్రం వాకిట్లో నిలబడింది.

బుధవారం

వాన. బట్టలు ఉతుక్కున్నాను.

గురువారం, ఉగాది

దేశమంతటికీ సెలవు. జనాభాలో ఇంత చిన్న వాటా ఉన్న తెలుగువాళ్ళ పండగకు బ్యాంకులు మూసేసే దేశం ఇంకోటి నాకు తెలియదు. మళ్ళీ ఆ ఊరికే వెళ్ళాను. గుమ్మానికి మామిడాకులు. పచ్చడి రుచిలో చింతపండు కాస్త ఎక్కువ, వేపపువ్వు అయితే నిక్కచ్చిగా చేదు. గుళ్ళో పంచాంగం చదువుతూ పూజారి తెలుగులో ఒక వాక్యం, క్రియోల్‌లో మూడు వాక్యాలు చెప్పుకుంటూ పోయాడు. వానలు బాగానే పడతాయట, ధరలు తగ్గవట. మంత్రిగారు ఒకరు వచ్చి తెలుగులో శుభాకాంక్షలు చదివారు. కాగితం రోమన్ లిపిలో ఉండి ఉంటుంది.

భోజనాల దగ్గర అసలు చర్చ మొదలైంది. మాస్టారి చిన్నకొడుకు వచ్చే జనవరిలో ఒకటో తరగతిలో చేరతాడు. బడిలో పూర్వీకుల భాషలకూ క్రియోల్‌కూ ఒకటే పీరియడు. రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి. తల్లి క్రియోల్ అంది. వాడికి చదవడం త్వరగా వస్తుంది, ఇంట్లో మాట్లాడేదే కదా అని ఆవిడ వాదన. మాస్టారు ఒప్పుకోలేదు. ఆయన చెప్పిన కారణం సంస్కృతి కాదు, అంకెలు. ఆ బడిలో తెలుగు తీసుకునే పిల్లలు ఏటేటా తగ్గుతున్నారు, ఇంకా తగ్గితే టీచరును వేరే చోటికి పంపేస్తారు. తెలుగు మాస్టారి కొడుకే తెలుగు మానేస్తే మిగతా తల్లిదండ్రులకు ఏం చెప్పాలి? ఆరో తరగతి అమ్మాయి మధ్యలో దూరి తెలుగు పరీక్షలో మార్కులు బాగా పడతాయని తండ్రి పక్షం చేరింది.

మామ్మగారు కోడలి వైపు నిలబడటం ఎవరూ అనుకోలేదు. “పాటలు నేను నేర్పుతాను. నాకు ఏ బడి నేర్పింది?” అంది. మాస్టారు అనువదించి చెబుతూ కాస్త చిన్నబోయారు.

నన్నూ అడిగారు. అతిథిని కదా అని తప్పించుకుందామనుకున్నాను, వదల్లేదు. తెలుగూ క్రియోలూ ఒకే పీరియడులో పెట్టడమే అన్యాయం అన్నాను. ఇంట్లో భాషనూ తాతల భాషనూ ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పి ఎంచుకో అని అయిదేళ్ళ పిల్లవాడి తల్లిదండ్రులను అడగడం ఏ న్యాయం, రెండూ చెప్పవచ్చు కదా అన్నాను. మాస్టారు నా విస్తట్లో ఇంకో గారె వేసి, మంత్రిత్వ శాఖకు ఉత్తరం రాయమన్నారు.

“ఇంగ్లీషులో రాయనా?”

“అధికార భాష అదే. కానీ ఫ్రెంచిలో వ్రాసినచో త్వరగా చదువుదురు” అన్నారాయన. ఆ మాట భార్యకు క్రియోల్‌లో చెప్పేసరికి ఆవిడ నవ్వి, పిల్లవాడి చేతిలోంచి నెయ్యి గిన్నె లాక్కుంది.